తడపని ముడి

ప్రాణహిత ఒడ్డున మహారాష్ట్ర వైపున్న మా సిరొంచలో, పుస్తకాలు చదువుకునే వాచనాలయం వరండా గోడకు రెండేళ్లుగా ఒక కాగితం అతికి ఉంది. గాలానికి ఏ ముడి వేస్తే ఎంత బరువు ఆగుతుందో దానిమీద గడులు గీసి రాసి ఉంటుంది. అన్నిటికన్నా కింది గడిలో 'పాత ముడి: బలహీనం' అని ఎర్రసిరాతో ఉంటుంది. ఆ కాగితం రాసింది నేనే. చాలామంది దాన్ని ఫోన్లలో ఫొటో తీసుకున్నారు. అహేరి దాకా, జింగనూరు దాకా పోయిందని విన్నాను. అందులో ఉన్నది తప్పు. ఊరికే తప్పు అంటే సరిపోదు. అది ఎందుకు తప్పో నాకు ఆ రోజే, ఆ ముడి వేస్తున్నప్పుడే తెలుసు. గోడమీది కాగితాన్ని చింపేయగలను కానీ ఫోన్లలోకి పోయినదాన్ని చింపలేను. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను తొమ్మిదో తరగతి దాకా మరాఠీ బడిలో చదివాను. తెలుగు అక్షరాలు నాకు బడి నేర్పలేదు. నది అవతలి దుకాణాల నుంచి సామాను చుట్టుకొచ్చే పత్రికల ముక్కలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. వరి పని లేని మధ్యాహ్నాలన్నీ వాచనాలయంలోనే గడిపాను. అక్కడి మూడు బీరువాల్లో నేను తెరవని పుస్తకం లేదు. ఈ సంగతి అవసరం లేనిచోట కూడా చెప్పుకోవడం నాకు అలవాటు. ఇప్పుడూ చెప్పాను చూడండి.

వాచనాలయంలో ఒక బోర్డు ఉంది. వేలికి ఉమ్మి రాసి పేజీలు తిప్పరాదు అని. కొత్తలో నేనూ అలాగే తిప్పేవాణ్ని. ఒకరోజు పుస్తకాలిచ్చే సార్ తలెత్తి, "ఏందది, పుస్తకం రుచి సూస్తున్నవా? ఉప్పు సరిపోయిందా?" అన్నారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ రోజునుంచి నా వేళ్లు పొడిగానే ఉన్నాయి. అంతటితో ఆగలేదు. దుకాణంలో ఎవరైనా వేలు నాలుకకు అద్దితే చాలు, చదువు లేనివాళ్లు అని లోపల అనుకునేవాణ్ని. ఈ అలవాటే నన్ను ముంచింది కాబట్టి ముందుగా చెబుతున్నాను.

ఇక పెద్దబాపు గురించి. మా నాన్నకు అన్న. వానలు తగ్గి ప్రాణహిత నీళ్లు తేటపడ్డాక మేం సాయంత్రం పొడవాటి తాడు నదిలో వేస్తాం. దానికి వంద దాకా గాలాలుంటాయి. పొద్దున్నే తాడు లాగుతాం. పెద్దతాడు నుంచి ప్రతి గాలానికీ మూరెడు సన్న నైలాన్ దారం ఉంటుంది. దాన్ని తంగూసు అంటాం. ఎంత పెద్ద చేపైనా చివరికి ఆ మూరెడు దారంతోనే పెనుగులాడాలి. దారం ఎంత మంచిదైనా గాలం దగ్గర వేసిన ముడి చెడితే చేప పోయినట్టే. అందుకే నాలుగు వాడల వాళ్లు తమ గాలాలు తెచ్చి పెద్దబాపు చేత కట్టించుకునేవాళ్లు. ఆ రోజుల్లో ఆయన పొద్దున లేచి నోరు పుక్కిలించి, ఖైనీ ముట్టకుండా అరుగుమీద కూర్చునేవాడు. దారాన్ని గాలం కాడకు ఏడుచుట్లు చుట్టి, కొసను వెనక్కి దూర్చి, ముడిని నోట్లో పెట్టుకుని తడిపి, అప్పుడు మెల్లగా బిగించేవాడు. నోటితో తడిపిన ముడి కాబట్టి నోరు శుభ్రంగా ఉండాలనేది ఆయన పట్టింపు. దానికి ప్రతిఫలం మొదటి చేపలో ఒక ముక్క, చుట్టూ కూర్చున్నవాళ్ల కబుర్లు. చిన్నప్పటినుంచి అది చూస్తూనే పెరిగాను. ఆ తడపడం కూడా ముడిలో భాగమే అని నాకెప్పుడూ తట్టలేదు. ముసలివాళ్ల అలవాటు అనుకున్నాను.

రెండేళ్ల కిందట వాచనాలయానికి ముడుల గురించి ఒక మరాఠీ పుస్తకం వచ్చింది. పడవకు వేసే ముడులు, పశువులకు వేసేవి, చివర్లో గాలానికి వేసేవి. రెండు వారాలు అది నా చేతిలోనే ఉంది. అందులోని రెండు ముడులను పెద్దబాపు ముడితో పోల్చి చూడాలనిపించింది. అంగడి రోజు వాచనాలయం వరండాలో దూలానికి గాలం కట్టి, దారం కింది కొసకు బకెట్ వేలాడదీశాను. దారం తెగేదాకా చెంబుతో కొలిచి నీళ్లు పోయడం, చెంబులు లెక్కపెట్టడం. దారం మాత్రం అన్నిటికీ ఒకటే, అహేరి నుంచి తెప్పించిన ఒకే ఉండ.

మొదట వచ్చింది మా అక్క భర్త.

"ఏం బామ్మర్దీ, నదిని ఇడ్సిపెట్టి బకెట్ల చేపలు పడ్తున్నవా?"

"చేపల్ని కాదు బావా. ముడుల్ని జోకుతున్న, ఏది ఎంత బరువు ఆపుతదో."

"మంచిగుంది. మీ అక్కకు చెప్త, పొద్దుమీకి ముడుల కూర వండుమని."

అంగడికి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే ఆగారు. కూరగాయల సంచీతో పెద్దబాపు కూడా వచ్చాడు. సంగతి తెలుసుకుని ముందుకు జరిగాడు.

"నా ముడి నేను కట్టియ్యాల్నారా?"

"వద్దు పెద్దబాపూ. అన్ని ముడులు ఒక్క చెయ్యే కట్టాలె. పుస్తకంల గట్లనే ఉన్నది."

"గట్లనా. పుస్తకంల ఉంటే ఇగ మనదేముంది" అని మెట్టుమీద కూర్చున్నాడు.

పుస్తకంలో ఇంకొక మాట కూడా ఉంది. నైలాన్ ముడిని బిగించేముందు నీళ్లతో తడపాలి. అందుకే పక్కన గ్లాసుతో నీళ్లు పెట్టుకున్నాను. పుస్తకం ముడులు రెండింటినీ గ్లాసులో ముంచి బిగించాను. ఒకటి పదహారు చెంబులకు, ఒకటి పదిహేడు చెంబులకు తెగాయి. తర్వాత పెద్దబాపు ముడి కట్టాను. దాని గురించి ఏ పుస్తకమూ ఏమీ చెప్పలేదు కాబట్టి గ్లాసు వైపు చూడలేదు. పదకొండో చెంబుకు టప్పున తెగింది. బకెట్ కింద పడి ముందు వరసలోవాళ్ల కాళ్లు తడిశాయి.

"జోకుడు కాదు గని నాకు స్నానం జేపిస్తున్నవ్" అన్నాడు బావ.

ఒక్కసారి చూసి తేల్చకూడదు, రెండోసారి చూస్తానని మళ్లీ దారం తీశాను. ఏడుచుట్లు చుట్టాను. కొస దూర్చాను. బిగించబోతూ తల ఎత్తితే పెద్దబాపు నన్నే చూస్తున్నాడు. నా చేతులను కాదు, నా నోటిని. ఆయన బొటనవేలు తెలియకుండానే తన కింది పెదవిని తాకింది.

నాకు అర్థమైంది. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు. గ్లాసు చెయ్యి చాపితే అందే దూరంలో ఉంది. ఇప్పుడు తడిపితే మొదటిసారి తప్పు చేశానని అందరికీ తెలిసిపోతుంది అనుకున్నాను. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, పుస్తకం గెలవాలని నాకుంది. పొడిగానే బిగించాను. ముడి బిగుస్తుంటే వేళ్లకింద దారం సురుక్కుమంది. పదో చెంబుకే తెగింది.

"పెద్దయ్యా, గీ ముడి కన్నా మా బర్రె పలుపు నయమున్నది!" అని ఎవరో అన్నారు.

"అయితే గీసారి బర్రెనే నదిల ఇడువు" అన్నాడు పెద్దబాపు. అందరితోపాటు నవ్వాడు. లేచి, సంచీ దులుపుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే నేను గడులు గీసి కాగితం అంటించాను.

మరుసటి సంవత్సరం నీళ్లు తేటపడ్డాక ఒకరోజు పెద్దమ్మ మా ఇంటికి వచ్చి గడపలోనే నిలబడింది.

"ఏందిరా గిట్లయింది. మూడు రోజులసంది మీ పెద్దబాపు ఖైనీ ముట్టలే. పొద్దుగాల నోరు కడుక్కొని అరుగుమీద కూసుంటుండు. ఎవ్వలు రాలె."

నేనేమన్నాను? "కాలం మారింది పెద్దమ్మా" అన్నాను. పుస్తకాలు చదివినవాడికి ఇలాంటి మాటలకు కొదవ ఉండదు.

వారం తిరగకముందే బావ పెద్దబాపు అరుగుముందు పెద్దగా మాట్లాడుతుంటే విని వెళ్లాను. చేతిలో ఒట్టి దారం ఉంది. తెల్లవారి తాడు లాగుతుంటే మనిషంత వాలుగ చేప నీళ్లమీదికి వచ్చి, గాలంతో సహా పోయిందట. బావ ఆ సంవత్సరం గాలాలన్నీ నా కాగితం చూసి పుస్తకం ముడితోనే కట్టుకున్నాడు.

పెద్దబాపు దారం కొసను ఎండకు పట్టి చూశాడు. కొస పందితోకలా మెలితిరిగి ఉంది.

"తెగలే ఇది. తెగితే కొస సక్కగుంటది. గిట్ల మెలి వడ్డదంటే ముడి జారింది. మొత్తం బిగువలే."

"అచ్చం కాయితంల ఉన్నట్టే కట్టిన మామా!"

"నీళ్లు పెట్టినవా?"

"కాయితంల నీళ్ల ముచ్చటే లేదు. అయినా పొద్దుగూకినంక ఆ ఆగమాగంల గిలాస ఎవడు పట్టుకపోతడు?"

"నోరు నీ ఎంబడే ఉంటది గద" అన్నాడు పెద్దబాపు.

నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. కాగితంలో తడపమని రాయలేదన్నది అప్పుడు గుర్తొచ్చింది. మరిచిపోయానని అనుకోవాలని చూశాను. కానీ రాస్తే, అన్ని ముడులూ తడిపావా అని ఎవరైనా అడుగుతారు. చెయ్యి అక్కడ ఆగడానికి కారణం అదే.

ఆ మధ్యాహ్నం పెద్దమ్మను అడిగాను, ఆ అంగడినాటి దారం ముక్కలు ఏమయ్యాయని. ఆమె తంగూసు ముక్క ఎక్కడ కనబడ్డా ఏరి డబ్బాలో వేస్తుంది. కోళ్ల కాళ్లకు చుట్టుకుంటాయని ఆమె భయం. ఆ రోజు వరండాలోవి కూడా ఏరుకొచ్చిందట. డబ్బా కుమ్మరించి, సన్న అక్షరాలకు వాడే నా భూతద్దంతో చూశాను. ఏడుచుట్ల మెలికను బట్టి పెద్దబాపు ముడి ముక్కలు గుర్తుపట్టాను. అవి తెగినచోట పాలపొర కట్టినట్టు తెల్లగా ఉన్నాయి. పొడిదారం పొడిదారాన్ని ఒరుసుకుని కాలిన గుర్తు అది. పుస్తకంలో ఆ మాట కూడా ఉంది. నేను చదివాను కూడా.

మా కొట్టం వెనక దూలానికి మళ్లీ బకెట్ కట్టాను. ఎవరినీ పిలవలేదు. నోరు పుక్కిలించి, పెద్దబాపు ముడిని నోట్లో పెట్టి తడిపి బిగించాను. పద్దెనిమిది చెంబులు. మళ్లీ కడితే పదిహేడు. నీళ్లలో ముంచిన పుస్తకం ముడి కూడా పదిహేడే. అంటే రెండూ ఇంచుమించు సమానం. పుస్తకం అబద్ధం చెప్పలేదు. దానిచేత నేను చెప్పించాను.

మరునాడు పొద్దున వెళ్లాను. పెద్దబాపు అరుగుమీదే ఉన్నాడు, ముందు ఎవరూ లేరు.

"పెద్దబాపూ, ఆనాడు నీ ముడిని నేను తడ్పలే."

"ఎరుకే."

"మరి అప్పుడే ఎందుకనలే?"

ఆయన రెండు చేతులూ మోకాళ్లమీద పెట్టుకున్నాడు.

"మొదటిపారి యాది మరిసినవనుకున్న. రెండోపారి నన్ను సూసినవ్. నేను నిన్ను సూసిన. ఇగ తడ్పుతడులే అనుకున్న. తడ్పకపోతివి."

తప్పయిందన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. ఆయన చెయ్యి ఊపి ఆపాడు.

"ఈడ నా ఒక్కని ముంగట జెప్తే ఏమొస్తదిరా? నువ్వు కాయితం మీద రాసినవ్. కాయితం మీదనే దిద్దు. నా పేరు మాత్రం రాయకు. ఎవ్వల పేరు రాయకు. పేర్లు రాస్తే జనం పేర్లు పట్టుకుంటరు, ముడిని ఇడ్సిపెడ్తరు."

తర్వాత ఒక గాలం, మూరెడు దారం నా ముందు పెట్టాడు.

"ఖైనీ తిన్నవా?"

"లేదు."

"చాయ్?"

"తాగిన."

"పో. నోరు కడుక్కొని రా."

కడుక్కుని వచ్చి కట్టాను. తడిపాను. మెల్లగా బిగించాను. ఆయన దాన్ని రెండుమూడుసార్లు గుంజి చూశాడు. తన గాలాల కట్టలో పెట్టుకున్నాడు.

కాగితం మీద దిద్దడానికి నాకు ఏడాది పట్టింది. ఈ రాతకు సాయపడినవాళ్లకు పేరుపేరునా దండం పెట్టాలని ఉంది. పెద్దబాపు పేర్లు వద్దన్నాడు కాబట్టి వరసలతోనే పిలుస్తాను. పోయిన వాలుగ గురించి ఇప్పటికీ ఎత్తిపొడుస్తున్నా, ఆ మెలితిరిగిన దారాన్ని పారేయకుండా నాకిచ్చిన బావకు. మొదటిసారి రాసింది చదివి, 'కాలం మారింది అని పెద్దమ్మతో అన్నదేది? అది రాయలేదేం?' అని అడిగిన అక్కకు. డబ్బా కుమ్మరించిన పెద్దమ్మకు. ఎర్రసిరా కాగితం ఉన్నచోటే ఇది అంటించడానికి ఒప్పుకుని, పేజీలు తిప్పేటప్పుడు మాత్రం బోర్డు మాటే చెల్లుతుందని హెచ్చరించిన వాచనాలయం సార్‌కు.

ఈ ఏడాది పెద్దబాపు దగ్గరికి గాలాలు తెచ్చింది బావ ఒక్కడే. ఇది చదివినవాళ్లు ఇంకొకరికి చెప్పండి. మెట్టుమీద కూర్చుని, నలుగురి ముందు నన్ను ఒక్క మాట అనకుండా, తడుపుతాడులే అని ఎదురుచూసినందుకు చివరి దండం పెద్దబాపుకు. ఆ దండం పెట్టేటప్పుడు ఆయన ముఖం వైపు నేనింకా సరిగ్గా చూడలేకపోతున్నాను.