తేలికైన చక్రాలూ, నాలుగు నిమ్మకాయలూ

ఆ రోజుల్లో సందేహం అనేది ఇతరులకు ఉండవలసిన మంచి గుణమని నా అభిప్రాయం. నాకు మాత్రం దాని అవసరం పడేది కాదు. ఇరవై నాలుగేళ్ల వయసు, బోధన్‌లోని ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఉద్యోగం, నిజామాబాద్‌లో అద్దె ఇల్లు, నెలకు రెండు ఆదివారాలు జరిగే మా హేతువాద చర్చా వేదికకు కార్యదర్శి పదవి (సభ్యులం ఏడుగురం, అందులో ఇద్దరు టీ కోసం వచ్చేవారు). ఇన్ని ఉన్న మనిషికి తెలియనిది ఇంకేముంటుంది? వాస్తు మీద, ముహూర్తాల మీద, పిల్లి శకునం మీద వ్యాసాల మీద వ్యాసాలు రాసి, ఎదుటివాడు నోరు తెరిచేలోపే "ఆధారం ఏది?" అని అడిగేవాణ్ణి. పెళ్లి పందిళ్లలో పురోహితుణ్ణి కూడా అడిగాను. ఆ తరువాత నాకు పెళ్లి పిలుపులు తగ్గాయి. సమాజం నా వాదానికి జంకుతోందని సంతోషించాను.

ఇంత వివేకవంతుడికీ ఒక బలహీనత ఉండేది. అది ఎర్ర రంగు స్పోర్ట్స్ బైకు, సెకండ్ హ్యాండ్‌ది. రోజూ దాని మీద ముందుకు వంగి, గడ్డం ట్యాంకుకు ఆనించి, పందెంలో ఉన్నవాడిలా నిజామాబాద్ నుంచి బోధన్‌కు వెళ్లేవాణ్ణి. చెరుకు సీజన్లో ఆ రోడ్డు మీద ముందు చెరుకు ట్రాక్టరు, దాని ముందు ఇంకో చెరుకు ట్రాక్టరు ఉంటాయి. అందువల్ల నా పందెం ఎక్కువగా ఎద్దుబండి వేగంతోనే సాగేది. అయినా ఇంటర్నెట్‌లో చదివీ చదివీ ఒక సత్యం కనుక్కున్నాను. బండికి కంపెనీ ఇచ్చిన బరువు చక్రాలు తీసేసి తేలికైన చక్రాలు వేస్తే, తిరిగే బరువు తగ్గి, బండి చురుగ్గా వేగం అందుకుంటుంది. మలుపుల్లో సులువుగా ఒరుగుతుంది. దీని వెనక భౌతికశాస్త్రం ఉంది. ఆ వారం రోజులూ నా విద్యార్థులకు సిలబస్‌లో లేని పాఠం ఒకటి అదనంగా వినవలసి వచ్చింది. చివరికి పూణే నుంచి ఒక జత తెప్పించాను.

పార్సిల్ విప్పిన రోజు మా అవ్వ ఇంట్లోనే ఉంది. నాయనమ్మను మేం అవ్వ అంటాం. జక్రాన్‌పల్లిలో పసుపు ఉడకబెట్టే పని ముగించుకుని, పసుపు దిగని చేతులతోనే నా దగ్గర నాలుగు రోజులుందామని వచ్చింది. చక్రాన్ని ఒంటి చేత్తో లేపి అటూ ఇటూ తిప్పి చూసింది.

"గిది చక్రమా, తాంబాళమారా? ఇంత తేలికున్నది, గుంతల పడితే ఆగుతదా?"

"బరువు తక్కువుంటేనే బండి మంచిగ ఉరుకుతదవ్వా. గదే సైన్సు."

"ఉరుకుతదో లేదో గని, కొత్త చక్రాలు రోడ్డు మీదికి పోకముందే నిమ్మకాయలు తొక్కియ్యాలె. మన ట్రాక్టరుకు తొక్కియ్యలేదా?"

"తొక్కిస్తే ఏమైంది? ఆ ట్రాక్టరు కాలువల పడలేదా?"

"పడ్డది. నిమ్మకాయలు తొక్కియ్యకుంటే దాంతోపాటు మీ బాపు గూడ పడుతుండె."

(ఇలాంటి వాదనను ఏ తర్కంతోనూ ఓడించలేం. పదేళ్లుగా ప్రయత్నిస్తున్నాను.) నాకు ఉద్రేకం వచ్చింది. "సరే అవ్వా, నిమ్మకాయ ఏం చేస్తదో నువ్వు చూపెట్టలేవు. చక్రాలు ఏం చేస్తయో నేను చూపెడ్త. టైము చూసి నోట్‌బుక్కుల రాస్త. ఆదివారం మా వాళ్లందరి ముందట చదివి వినిపిస్త. తేడా లేకుంటే నా చేతులతోని నేనే నిమ్మకాయలు పెడ్త."

"ఒట్టా?"

"నేను ఒట్లు పెట్టుకోను. మాట ఇస్తున్న."

"మాటనే సాలు తియ్యి," అంది అవ్వ. ఆ ఆదివారపు చర్చను మా ఇంటి వాకిట్లోనే పెట్టాను. అంశం 'నమ్మకమా, నిదర్శనమా?'. వక్తను నేనే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కొత్త చక్రాలు చూడటానికి పాతవాటిలాగే ఉంటాయి. అవే ఐదు చువ్వలు, కాకపోతే రవ్వంత సన్నం. పాతవి వెండి రంగు, కొత్తవి నలుపు, అంతే తేడా. గురువారం సాయంత్రం బండినీ, కొత్త చక్రాలనీ బోధన్ రోడ్డులోని మెకానిక్ దగ్గర దింపాను. ఊరంతా ఆయన్ను ఉస్తాద్ అంటుంది. పాత చక్రాలను నవీపేట్‌లో ఒకాయన నలుపువైతే కొంటానన్నాడు కాబట్టి, వాటికి కూడా నల్ల రంగు కొట్టి పెట్టమని చెప్పాను. శుక్రవారం బస్సులో కాలేజీకి వెళ్లి, మధ్యాహ్నం తిరిగొచ్చి చూస్తే బండి షాపు ముందు మెరుస్తోంది. నల్లటి చక్రాలు. ఉస్తాద్ జుమ్మా నమాజుకు వెళ్లాడు. తాళం పక్కనున్న టీ హోటలాయన దగ్గర ఉంది.

"ఉస్తాద్ మీతోని ఏందో మాట్లాడాలన్నడు సార్. జర ఆగుండ్రి, అచ్చేస్తడు."

"తర్వాత మాట్లాడ్త," అన్నాను. తిరిగే బరువు తగ్గిన బండి ఎదురుగా ఉంటే ఎవడాగుతాడు?

కిక్కు కొట్టిన క్షణం నుంచే తేడా తెలిసిపోయింది. బండి నేలను తాకుతోందో లేదో అనుమానం వచ్చింది. మలుపు దగ్గర ఒరుగుదామని నేను అనుకునేలోపే అది ఒరిగింది. నాకు రోజూ తెలిసిన గుంతలు కూడా ఆ రోజు మెత్తబడ్డాయి. ఇంటికొచ్చి చూసుకుంటే ఫోన్‌లో ఉస్తాద్ కాల్స్ నాలుగున్నాయి. బండి ఎలా ఉందో అడగడానికే అయ్యుంటుందని 'అద్భుతంగా ఉంది ఉస్తాద్. ఆదివారం పది గంటలకు మా ఇంటికి రండి' అని మెసేజ్ పెట్టి, ఫోన్ సైలెంట్‌లో పడేసి, ప్రసంగం రాసుకోవడానికి కూర్చున్నాను.

శనివారం అసలు పరీక్ష. రోజూ నా వెనక కూర్చుని వచ్చే లెక్కల సార్ ఆ రోజూ ఎక్కాడు. బయలుదేరే ముందు చక్రాల గురించి పావుగంట వివరించి, దారిలో అడిగాను, "ఏమన్నా తేడా తెలుస్తుందా సార్?"

ఆయన రైల్వే గేటు దాకా ఆలోచించాడు. "ఔ సార్," అన్నాడు చివరికి. "తేలుతున్నట్టే ఉన్నది."

రోజూ నలభై ఐదు నిమిషాలు పట్టే దారి ముప్పై ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. నోట్‌బుక్కులో సమయం రాసి, దాని కింద 'స్వతంత్ర సాక్షి ధ్రువీకరించారు' అని రాసి అడుగున గీత గీశాను. (ఆ రోజు రెండో శనివారం, మా కాలేజీకి తప్ప అందరికీ సెలవు. రోడ్డు ఖాళీ. గేటు తెరిచే ఉంది. ముందు ఒక్క ట్రాక్టరూ లేదు. ఇవేవీ రాయలేదు. అవి నాకు కనపడనే లేదు.)

ఆదివారం పదింటికి వాకిట్లో కుర్చీలు వేశాం. వేదిక అధ్యక్షుడైన రిటైర్డ్ చరిత్ర అధ్యాపకుడు (మేం పెద్దసార్ అనేవాళ్లం) మధ్యలో కూర్చున్నాడు. బండిని గుమ్మం ముందు నిలబెట్టాను. స్టీలు గిన్నెలో నాలుగు నిమ్మకాయలు పెట్టుకుని అవ్వ గడప మీద కూర్చుంది. బండికున్నవి రెండే చక్రాలని చెప్పాను. "ట్రాక్టరు అలవాటు," అంది. నేను లేచి, నిమ్మకాయ నుంచి మొదలుపెట్టి మానవజాతి మూఢత్వం మొత్తాన్ని ఇరవై నిమిషాల్లో చీల్చి చెండాడి, "మిత్రులారా, నేను నమ్మమని అడగడం లేదు, చూడమంటున్నాను," అని నోట్‌బుక్కు పైకెత్తాను. లెక్కల సార్ లేచి సాక్ష్యం కూడా చెప్పాడు. చప్పట్లు పడ్డాయి. టీ కోసం వచ్చే ఇద్దరూ కొట్టారు.

సరిగ్గా అప్పుడే మోపెడ్ మీద ఉస్తాద్ వచ్చాడు. మోపెడ్ వెనక తాడుతో కట్టిన రెండు నల్లటి చక్రాలు. టైర్లు లేవు.

"నమస్తే సార్. ఏంది సార్, ఫోన్ ఎత్తరు! తొమ్మిదిసార్లు కొట్టిన."

"రండి ఉస్తాద్! మీ పనితనం గురించే చెప్తున్న. బండి అద్భుతంగ ఉన్నది."

"గదే సమజైతలేదు సార్. మెసేజ్‌ల గూడ గదే రాసిండ్రు. ఏం అద్భుతం? నేనింక ఏం చెయ్యనే లేదు."

పెద్దసార్ కళ్లజోడు సర్దుకున్నాడు. "మరి ఇప్పుడు బండికి ఉన్నయేంది నాయనా?"

"గవి పాతవే సార్. కొత్తదాంట్ల ఎనక చక్రంల ఇరుసుకు ఏసే బుష్ సైజు కుదరలే. హైదరాబాద్ సంది తెప్పియ్యాలె. సార్‌కు డ్యూటీకి తకలీఫ్ అయితదని పాతవే మళ్ల ఎక్కిచ్చిన. రంగంటరా, సార్ చెప్పిండని ముందుగాలనే కొట్టిన. బుష్ నిన్న అచ్చింది. గిది చెప్దామనే ఫోన్ కొట్టిన."

నేను లెక్కల సార్ వైపు చూశాను. లెక్కల సార్ తన చెప్పుల వైపు చూశాడు. "తేలినట్టే ఉండె మరి," అని మెల్లగా గొణిగాడు.

అవ్వ నవ్వుతుందని ఎదురుచూశాను. నవ్వలేదు. లేచి వచ్చి, నల్ల రంగు పూసిన పాత చక్రాన్ని చేత్తో తడిమింది. "నువ్వు నమ్మినవ్, అది ఉరికింది. గంతే గద బిడ్డా. నిమ్మకాయ గూడ గంతే పని చేస్తది."

"ఇది సైన్సు తప్పు కాదవ్వా. నేను కొలిచిన పద్ధతి తప్పు," అన్నాను. ఈ మాటకు ఇప్పటికీ కట్టుబడి ఉన్నాను.

"తప్పు ఎవలదైతేంది? మాట నీది గద," అని గిన్నె నా చేతికిచ్చింది.

ఆ గిన్నె ఎంత బరువనిపించిందో నేనొక్కణ్ణే చెప్పగలను. మా వేదిక సభ్యులందరూ చూస్తుండగా, ఊళ్లోని నిమ్మకాయలన్నిటికీ శత్రువైన కార్యదర్శి మోకాళ్ల మీద కూర్చుని, ముందు చక్రం కింద ఒకటి, వెనక చక్రం కింద ఒకటి పెట్టాడు. మిగిలిన రెండింటితో ఏం చేయాలని అడిగితే, అవ్వ మోపెడ్ వైపు చూపించింది. "కొత్తయి గవే గద!" టైర్లు లేని ఆ చక్రాలను గోడకు ఆనించి, వాటి ముందు కూడా పెట్టాను. తరువాత బండెక్కి ముందుకు నడిపాను. ముందు నిమ్మకాయ చితికింది. వెనకది జారి పక్కకు దొర్లిపోయింది.

"ఎనక బుష్ కుదరలే గద, గందుకే," అంది అవ్వ. ఈసారి అందరికంటే ముందు ఉస్తాద్ నవ్వాడు. ఆ తరువాత నేను కూడా నవ్వాను, కాస్త ఆలస్యంగా. పెద్దసార్ మాత్రం మినిట్స్ పుస్తకం తెప్పించి స్వయంగా చెప్పి రాయించాడు. 'నమ్మకం ఎంత బలంగా పనిచేస్తుందో కార్యదర్శి స్వయంగా ప్రయోగం చేసి నిరూపించారు.' రాసిన చేయి నాదే.

సోమవారం కొత్త చక్రాలు బిగించాం. ఆ తరువాత నెల రోజులు ఒళ్లు దగ్గర పెట్టుకుని కొలిచాను. గేటు పడ్డ రోజు, ట్రాక్టరు అడ్డొచ్చిన రోజు అన్నీ రాశాను. తేడా ఉంది, కానీ కొంచెమే. సైన్సు అబద్ధం చెప్పలేదు. నేను అరిచినంత గట్టిగా కూడా చెప్పలేదు. ఇప్పటికీ నేను బండికి నిమ్మకాయలు పెట్టను. ఇప్పటికీ "ఆధారం ఏది?" అని అడుగుతాను. కాకపోతే ఏ వ్యాసమైనా పంపేముందు, ఎత్తని కాల్స్ ఏమైనా ఉన్నాయేమో ఒకసారి చూసుకుంటాను. ఇప్పుడు నాకు కారుంది. జక్రాన్‌పల్లి నుంచి ఎక్కినప్పుడల్లా అవ్వ సీటులో సర్దుకుని కూర్చుని, ముఖంలో ఏ భావమూ లేకుండా "తేలుతున్నట్టే ఉన్నదిరా," అంటుంది.

అవ్వకు ఒక మాట ఇంతవరకూ చెప్పలేదు. ఆ కొత్త చక్రాల మీద ఏడేళ్లు తిరిగాను. మంచి చక్రాలు, ఒక్క గుంతలోనూ వంగలేదు. కానీ రంగు పూసిన ఆ పాత చక్రాల మీద ఆ రెండు రోజులు తేలినట్టు బండి మళ్లీ ఎప్పుడూ తేలలేదు.