గాలి రోజుల మాత్ర

సైటులో అందరూ ఆయన్ని పైనాయన అంటారు. ఇరవై రెండేళ్లుగా టవర్ క్రేన్ గదిలో కూర్చుని ఇనుమూ కాంక్రీటూ పైకెత్తి దింపుతున్న మనిషి. పొద్దున ఏడింటికి నిచ్చెనెక్కితే కాలు నేలకు తగిలేది మధ్యాహ్నం తిండికే.

రక్తపోటు బయటపడి ఏడాదైంది. రోజూ పొద్దున వేసుకోమని ఆసుపత్రిలో మాత్ర ఇచ్చారు. ఒంట్లో నీరు లాగేసే మాత్ర అది. వేసుకుంటే ఒంటేలుకు మాటిమాటికీ దిగాలి. దిగడానికి ఆరు నిమిషాలు, ఎక్కడానికి పది. అంతసేపూ కింద నలభైమంది చేతులు ఆగిపోతాయి, మేస్త్రీ వాకీటాకీలో తిట్లు లంకించుకుంటాడు. అందుకని పైనాయన సొంత వైద్యం ఒకటి కనిపెట్టాడు. గాలి ఎక్కువైతే క్రేన్ ఆపేస్తారు. ఆపారని తెలిశాకే జేబులోంచి మాత్ర తీస్తాడు. గాలి లేని రోజు మాత్రా లేదు, మంచినీళ్లూ లేవు.

"మాత్రలన్నీ అలాగే ఉన్నాయేమయ్యా? పిల్లలు పెడతాయని దాచావా?" అంది భార్య.

"గాలి రావాలి కదే."

ఒకరోజు ఇనుప చువ్వల మోపు గాల్లో ఉండగా ఆయనకు కొక్కెం రెండుగా కనిపించింది. ఎలాగో దింపాడు. సైటులో నోరు మెదపలేదు గానీ ఇంట్లో దాచలేకపోయాడు. ఆవిడ అప్పటికప్పుడు ఆసుపత్రికి లాక్కెళ్లింది.

నర్సు కొలిచి చూసింది. నూట తొంభై దాటింది.

"మాత్రలు వేసుకుంటున్నారా బాబాయ్?"

"వేసుకుంటున్నానమ్మా."

"గాలొచ్చినప్పుడు," అంది భార్య.

సంగతంతా విని నర్సు కలం కింద పెట్టింది. "ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"ఒంటేలు సంగతి ఆడపిల్లతో ఏం చెప్పనమ్మా."

ఆయన కార్డు మీద 'చెప్పిన మాట వినడు' అని ఏడాది కిందటే రాసిపెట్టారు. నువ్వు ఏం పని చేస్తావని మాత్రం ఒక్కరూ అడగలేదు. పేదవాడి రోగానికి మందు రాసేవాళ్లు అతని పని గంటల్ని కూడా చూడాలి. చూడకుండా మొండివాడని ముద్ర వేయడం అన్యాయం.

డాక్టరు మాత్ర మార్చాడు. పోటు దిగేదాకా క్రేన్ ఎక్కొద్దన్నాడు.

"దీంతో అన్ని తిప్పలుండవు. కానీ నీళ్లు తాగాలి," అంది నర్సు.

"తాగితే దిగాలి కదమ్మా."

"దిగండి."

మూడు వారాలకు పోటు అదుపులోకొచ్చింది. సైటుకెళ్లి, ఎక్కేముందే మేస్త్రీతో అన్నాడు: "పదింటికోసారి దిగుతాను."

"నువ్వు దిగితే నలభైమంది గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవాలి."

"నేను పైన కళ్లు తిరిగి పడితే ఇనుము పడేది ఆ నలభైమంది నెత్తినే. పోయిన నెల నాకు కొక్కేలు రెండు కనిపించాయి. ఎవరికీ చెప్పలేదు. తప్పే."

చువ్వలు కడుతున్నవాళ్లు తలెత్తి చూశారు. వాళ్లలో పెద్దవాడు అన్నాడు: "దిగనీ మేస్త్రీ. మేమూ ఇన్ని నీళ్లు తాగుతాం."

మేస్త్రీ వాకీటాకీ నడుముకు తగిలించుకుని పక్కకు నడిచాడు. పదింటికి పైనాయన కొక్కేన్ని ఖాళీగా ఆపి దిగాడు. కింద పని ఆగింది. ఎవరి కొంపా మునగలేదు.