గడ్డ మద్రాసులో, మనిషి ఎమ్మిగనూరులో

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను మద్రాసులో ఒక పెద్దాసుపత్రి ప్రయోగశాలలో సహాయకురాలిని. మాది నెల్లూరు. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. జంతువుల గది నా బాధ్యత. మా పెద్ద డాక్టరుగారు మెదడులో గడ్డలు తీసే సర్జను. తీసిన గడ్డలోంచి చీమతలంత ముక్కను గినీపంది కంటి ముందు భాగంలో నాటేవారు. ఎలుక కంటే పెద్దది, కుందేలు కంటే చిన్నది, తోక లేని సాధు జంతువు అది. కంట్లోనే ఎందుకంటే, జంతువును కోయకుండా లోపలి ముక్క బతికిందో ఎండిపోయిందో రోజూ చూసుకోవచ్చు. పైగా వేరే జాతి ముక్కను ఒంట్లో మిగతా చోట్లు తిప్పికొట్టినంత తొందరగా కన్ను తిప్పికొట్టదు. మనిషి తలలో మందులు పరీక్షించలేం కాబట్టి, ఆ గడ్డ స్వభావం తెలుసుకోవడానికి మాకు దొరికిన దారి అదొక్కటే.

నీలమ్మ అనే రోగి గడ్డను ఆపరేషను గది నుంచి ఉప్పునీళ్ళ గిన్నెలో పెట్టుకుని తెచ్చింది నేనే. గిన్నె గోరువెచ్చగా ఉంది. ఆమె ముఖం నేను చూడలేదు. గుడ్డల మధ్య గుండు చేసిన తల, గిన్నె మీద చీటీలో పేరు, అంతే. సూక్ష్మదర్శినిలో చూసినవాళ్ళు ఎటూ తేల్చలేకపోయారు. నెమ్మదిగా పెరిగే గడ్డే కావచ్చునని ఆమెను ఇంటికి పంపేశారు. ఆ ముక్కలను అయిదు జంతువుల కళ్ళలో నాటాం. ఆరు వారాలు ఏమీ లేదు. ఏడో వారంలో ఒక పొద్దున టార్చిలైటు వేసి చూస్తే రెండింటి కళ్ళలో తెల్లటి గింజ, దాని చుట్టూ దారాల్లాంటి ఎర్రటి రక్తనాళాలు. వేరే జంతువు కంట్లో వేళ్ళూనుకున్న గడ్డ నెమ్మదైనది కాదని డాక్టరుగారి అభిప్రాయం. ఆ రెండింటిలో ఒకదాని కంటికి, ఫొటో కోసం కాదు, గడ్డను మాడ్చడానికి ఎక్స్‌రే పెట్టించారు. పది రోజుల్లో గింజ ముడుచుకుపోయింది. పెట్టనిదాని కన్ను సగం నిండింది.

"ఈమెకు వెంటనే ఎక్స్‌రే చికిత్స మొదలుపెట్టాలి" అన్నారు డాక్టరుగారు. నీలమ్మ ఇచ్చిన చిరునామాకు, ఆదోనిలో పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లుకు, మూడు ఉత్తరాలు వెళ్ళాయి. ఒక్కదానికీ జవాబు లేదు. నాలుగో ఉత్తరం టైపు చేస్తుంటే నాకు ఉండబట్టలేదు. వారం రోజులు సెలవడిగాను. "రోగుల్ని వెతకడం నీ పని కాదమ్మా" అన్నారాయన. "తెలుసండీ, సెలవు నాది" అన్నాను. ఆయన రిపోర్టు కాగితం నా చేతిలో పెట్టారు.

సెంట్రల్లో సాయంత్రం బొంబాయి మెయిలు ఎక్కితే మర్నాడు పొద్దున ఆదోనిలో దిగవచ్చు. మూడో తరగతి టిక్కెట్టు ఎనిమిది రూపాయల చిల్లర. ఆడవాళ్ళ పెట్టెలో చోటు దొరికింది. గుంతకల్లు దాటాక కిటికీలోంచి నల్లరేగడి చేలు, కోసేసిన జొన్న మోళ్ళు, దూరంగా బండరాళ్ళ గుట్టలు. ఆదోనిలో దిగేసరికి గాలిలో దూది తేలుతోంది. అది పత్తి కాలం. స్టేషను బయట పత్తి బోరాలు ఎత్తిన బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఎడ్ల కొమ్ముల మీద కూడా దూదే. ఎదురుగా ఒకామె బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేస్తోంది. మిరపకాయ బజ్జీతో కలిపి ఆకులో పెట్టింది. రెండణాలకు మధ్యాహ్నం దాకా ఆకలి లేదు.

జట్కా అతను "యాడికి పోవల్లమ్మా?" అన్నాడు. జిన్నింగు మిల్లుకు అన్నాను. "ఈ ఊర్లో జిన్నులు తప్ప ఇంకేముండాయి? ఏ జిన్ను?" అని నవ్వాడు. నా దగ్గరున్న చిరునామా చూపించాను. నాలుగణాలకు గేటు ముందు దించాడు. లోపల యంత్రాల హోరు, మనిషికి మనిషి కనపడనంత దూదిదుమ్ము. కాపలాదారు నీలమ్మ పేరు వినగానే గదిలోకి వెళ్ళి మూడు కవర్లు తెచ్చాడు. మా ఉత్తరాలే. ఒక్కటీ చించలేదు.

"ఆ యమ్మ పని మానేసి శానా దినాలైందమ్మా. ఇంగ్లీషు కాయితాలు, కోర్టువేమో అని ఎవురూ ముట్టుకోల్యా."

నీలమ్మ పక్కన కూర్చుని పత్తి ఏరిన మార్తమ్మ అనే ఆవిడను పిలిపించాడు. తలగుడ్డ విప్పి దులుపుకుంటూ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి.

"నీలమ్మా? బాగైంది కదమ్మా! జుట్టు గుడక మొలిసింది. మొగుడు పోయినేడే సచ్చిపాయ. ఈడ ఎవురుండారని ఉంటాది? ఎమ్మిగనూర్లో వాళ్ళన్న బసప్ప మగ్గం నేస్తాడు, ఆడికి పోయింది. నూలు కండెలు సుడతాంటాది." నా చేతిలో కాగితం చూసి గొంతు తగ్గించింది. "ఏమమ్మా, మళ్ళా వచ్చిందా?"

"రాకుండా చూద్దామనే వచ్చాను" అన్నాను.

"అట్లయితే ఈడ నిలబడొద్దు. పదిన్నరకు బస్సుండాది. మార్తమ్మ అడిగిందని సెప్పు" అని మార్కెట్టు దాకా తనే వచ్చి బస్సెక్కించింది. ఆ గంట ఆమె కూలి పోయి ఉంటుందని బస్సు కదిలాకగానీ నాకు తోచలేదు.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పద్దెనిమిది మైళ్ళు. పన్నెండణాలు తీసుకున్నారు. గంటన్నర పట్టింది, అందులో పావుగంట ఎడ్లబండ్లు తప్పుకోవడానికే. పన్నెండు దాటాక దిగి, నేతవాళ్ళ వీధి అడిగాను. వీధి పొడవునా పడుగు సాచి ఉంది. గంజి వాసన. ప్రతి ఇంట్లోంచీ మగ్గం చప్పుడు. బసప్ప ఇల్లు వీధి చివర. నలభై ఏళ్ళ మనిషి, నడుము దాకా మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు. మద్రాసు ఆసుపత్రి నుంచి వచ్చానని చెప్పగానే చేయి ఆగింది.

"మళ్ళా కోస్తారా?"

కోయరని, వెలుగులాంటిది తల మీద పట్టించడమేనని చెప్పాను. ఎందుకు అవసరమో చెప్పడానికి జంతువుల సంగతి చెప్పక తప్పలేదు. అతను వింటూ వింటూ గుంటలోంచి పైకి వచ్చాడు.

"మా సెల్లెలి తలకాయలోది తీసి జంతువు కంట్లో పెట్టినారా? ఎవుర్నడిగి పెట్టినారు?"

మద్రాసులో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. "ఎవర్నీ అడగలేదన్నా. అడగాల్సింది" అన్నాను.

"పోమ్మా. ఆడబిడ్డవని ఊరుకుంటాండాను. నీళ్ళు తాగి పో."

"నీళ్ళు తాగుతాను. ఆమెతో మాట్లాడకుండా మాత్రం పోను. అరుగు మీద కూర్చుంటాను." నీళ్ళు తాగి అక్కడే కూర్చున్నాను. అతను మళ్ళీ గుంటలోకి దిగి, ఇందాకటి కంటే గట్టిగా నేయడం మొదలుపెట్టాడు.

గంట గడిచాక లోపలినుంచి ఒకామె జొన్నరొట్టె, మేము గోంగూర అనే పుండికూర పళ్ళెంలో పెట్టుకుని వచ్చింది. తల మీద రెండంగుళాల జుట్టు. చెవి పైన ఆపరేషను కుట్ల మచ్చ చూసి పోల్చుకున్నాను. ముప్పై అయిదేళ్ళుంటాయి, పెద్ద కళ్ళు. గిన్నె మీది చీటీలో పేరుకు మొదటిసారి ముఖం వచ్చింది. పళ్ళెం కుడిచేత్తోనే పట్టుకుంది. ఎడమచేయి కొంగులో దాచుకుంది. తిన్నాక, చేయి కడుక్కునే నెపంతో పెరట్లోకి తీసుకెళ్ళింది. అక్కడ ఆమె రాట్నం ఉంది. కింద తెగిన నూలుపోగులు కుప్పగా పడి ఉన్నాయి.

"ఎన్ని రోజులైంది?" అన్నాను, ఆమె చేయి వైపు చూస్తూ.

"పది దినాలు. పోగు పట్టుకుంటే నిలబడదు. అన్నకు సెప్పల్యా. సెప్తే మగ్గం నిలిపేసి నన్నెత్తుకోని తిరగతాడు." రాట్నం పక్కన కూర్చుంది. "నువ్వు సెప్పిందంతా ఇన్నాను. ఆ జంతువుకు నొప్పి పుడతాందా?"

"నాటేటప్పుడు మత్తిస్తాం. గడ్డ పెరిగి కన్ను నిండితే బాధ ఉంటుంది. అంతదాకా రానివ్వకూడదనే చూస్తాం. ఒక్కోసారి వస్తుంది."

"నాకు బాగయితాదా?"

ఇక్కడ అబద్ధం చెప్పడం ఎంత తేలికో నాకు ఇప్పటికీ గుర్తుంది. "చెప్పలేను నీలమ్మా. నీ గడ్డే రెండు జంతువుల్లో పెరిగింది. ఎక్స్‌రే పెట్టినదాంట్లో చిక్కిపోయింది, పెట్టనిదాంట్లో పెరిగింది. నాకు తెలిసింది అంతే. నీ తలలోనూ అట్లాగే అవుతుందని ఎవరూ చెప్పలేరు."

ఆమె తెగిన పోగులను వేలికి చుట్టుకుంది. "ఆపరేషనుకు ముందు అందరూ బాగయితాదనే సెప్పినారు. తెలీదని సెప్పింది నువ్వొక్కదానివే" అంది. లేచి నేరుగా మగ్గం దగ్గరికి వెళ్ళింది. ఎడమచేత్తో ఒక కండె తీసి అన్న ముందు చాపింది. చేయి వణికి కండె జారి గుంటలో పడింది. బసప్ప దాన్ని తీయలేదు. చెల్లెలి చేతినే చూశాడు.

"పోతాండాను అన్నా. నువ్వు వద్దన్నా పోతాను."

అతను గుంటలోంచి వచ్చి, ఆ చేతిని రెండు చేతుల మధ్య పెట్టుకుని నొక్కి చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఎన్ని గంటలకమ్మా రైలు? నేను గుడక వస్తాను."

ఆ రోజు వాళ్ళింట్లోనే ఉండి, మర్నాడు పొద్దున బయల్దేరాం. తొందరలో బస్సులో వెనక సీట్లలో కూర్చోవడం నేను చేసిన తప్పు. మూడు మైళ్ళు పోకముందే కుదుపులకు నీలమ్మ తల పట్టుకుని వాంతి చేసుకుంది. పక్కవాళ్ళు విసుక్కుంటూ కాళ్ళు ముడుచుకున్నారు. నేను లేచి ముందుకు వెళ్ళి, ఆమె తలకు ఆపరేషనైందని డ్రైవరుకు చెప్పాను.

"ఎక్కేటప్పుడే సెప్పల్ల కదమ్మా!" అని అతను బస్సు ఆపేశాడు. ముందు సీట్లో ఉన్న ఇద్దరు పత్తి వ్యాపారులు ఆ మాట విని, ఎవరూ అడగకముందే లేచి వెనక్కి పోయారు. ఒకాయన తన తలగుడ్డ మడిచి ఆమె తల కింద పెట్టమని ఇచ్చాడు. అక్కడ్నుంచి ఆదోని దాకా గుంత కనపడితే చాలు, బస్సు నడిచే మనిషిలాగా దిగి ఎక్కింది. అరగంట ఆలస్యమైంది. ఒక్కరూ సణగలేదు. సాయంత్రం మెయిలు ఎక్కి, మర్నాడు మద్రాసులో దిగాం.

ఆరు వారాలు ఎక్స్‌రే చికిత్స జరిగింది. మొలిచిన జుట్టు మళ్ళీ ఊడింది. మూడో వారంలో ఒకరోజు ఆమె తనంతట తనే జంతువుల గదికి వచ్చింది. చిక్కిన గింజ ఉన్న గినీపందిని ఒళ్ళో పెట్టుకుని, నా భూతద్దంలోంచి దాని కంట్లోకి చూసింది. "ఇంత సిన్నదా?" అంది. "దీనికా ఇంతమంది తిరగతాండాము?" తర్వాత దాని వీపు నిమిరి, క్యాబేజీ ఆకు తినిపించి, అది తినడం అయ్యేదాకా కూర్చుంది. ఇంటికి పోయేనాటికి ఎడమచేత్తో పోగు పట్టగలిగింది. నాలుగేళ్ళు బతికింది. ఆ నాలుగేళ్ళలో మూడేళ్ళకు పైగా కండెలు చుట్టింది. పోయినప్పుడు బసప్ప కార్డు రాయించాడు. చివరి నెల తప్ప బాధ పడలేదని, ఈ సంగతి డాక్టరుగారికి కూడా చెప్పమని అందులో ఉంది. చదివి వినిపిస్తే డాక్టరుగారు ఆ కార్డు తీసుకుని నీలమ్మ రిపోర్టుతో పాటు దాచుకున్నారు.

గినీపంది కన్ను ఆమెను కాపాడిందని నేను అనలేను. మా గదిలో ఏ కంట్లోనూ మొలవని గడ్డలు ఉన్నవాళ్ళూ తొందరగా పోయారు, మొలిచిన గడ్డలవాళ్ళలో ఎక్స్‌రేకు లొంగనివాళ్ళూ ఉన్నారు. కన్ను ఒక జవాబిచ్చేది, అది సగం జవాబే. మిగతా సగం కోసం మనిషి దగ్గరికి పోవాల్సిందే. ఎమ్మిగనూరు నుంచి వచ్చాక, ఆపరేషనుకు ముందే రోగి దగ్గర కూర్చుని, ముక్క తీసుకుంటాం, ఇలా నాటుతాం, మీకు ఇష్టమేనా అని వాళ్ళ భాషలో అడగాలని పట్టుబట్టాను. పనికి అడ్డమని కొందరు అన్నారు. డాక్టరుగారు ఒప్పుకున్నారు. అడిగినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు వద్దన్నారు. వాళ్ళ ముక్కలు మేము ముట్టుకోలేదు.

జబ్బుమనిషిని వెంటబెట్టుకుని ఆ దారిలో ప్రయాణించేవాళ్ళకు ఒక్క మాట. బస్సులో వెనక చక్రాల మీది సీటు వద్దు, డ్రైవరు పక్కన కూర్చోబెట్టండి. ఎక్కేముందే జబ్బేమిటో దాచకుండా అతనికి చెప్పండి. చెబితే బస్సు మెల్లగా పోతుంది.