కొండోళ్ల నూనె

డెబ్బైల్లో అనంతగిరి సంత దగ్గర మాకు కిరాణా కొట్టుండేది. గిరిజనులు పండించి తెచ్చిన వలిసెల్ని నాన్న కొని, బస్తాలకెత్తి మైదానానికి పంపేవాడు. ఆ గింజల నూనె మాత్రం మా వంటింటి గడప తొక్కకూడదు. అది కొండోళ్ల నూనెట. మాకు వనస్పతే. నెయ్యిలా గడ్డకడుతుంది గనక అదే గొప్ప.

అరవై దాటాక నాన్నకి కాళ్లు వాచాయి. నాలుగడుగులేస్తే ఆయాసం. విశాఖపట్నంలో డాక్టరు గుండె బలహీనపడిందని చెప్పి, ఉప్పు తగ్గించమన్నాడు, వనస్పతి మానేసి ఏదైనా గింజల నూనె వాడమన్నాడు.

తిరిగొచ్చి కొట్లో కూర్చున్నాక నాన్న, “ఏటి, కొండోళ్ల నూనె తిని బతకమంతాడా? నలుగురూ ఏటనుకుంతారు?” అన్నాడు. అప్పుడే కొట్టు ముందు వలిసెల గంప దించిన ముసలామెది నాన్న ఈడే. కొండ దిగి నడిచొచ్చినా ఆయాసం లేదు. ఆ మాట విని, గంపని తూకం వైపు జరిపింది.

ఏడాది తిరక్కుండానే నాన్న పోయాడు. పెద్దకర్మ గారెలు వలిసె నూనెలో వేయిద్దామన్నాను.

“నలుగురూ ఏటనుకుంతారే” అంటూ అమ్మ కొట్లోంచి కొత్త వనస్పతి డబ్బా తెప్పించింది.

గారెలు బాగున్నాయన్నారు నలుగురూ. అడిగి మరీ వేయించుకున్నారు. నేనూ తిన్నాను.