తిట్లను పాటగా కట్టించిన సోమ్లమ్మ

సోమ్లమ్మ కన్నుమూసిందన్న వార్త నేను మదనపల్లె ఆసుపత్రిలో డ్యూటీలో ఉండగా ఫోనులో వచ్చింది. మొన్న మొన్ననే కాన్పుల వార్డులో నా పక్కన నిలబడి పాడిన మనిషి! నిద్రలోనే అనాయాస మరణమట. ఎంత దుఃఖంలోనూ ఆమెను తలచుకుంటే ముందు పెదవులపైకి వచ్చేది చిరునవ్వే. ఆ నవ్వుతోనే ఈ నాలుగు మాటలు.

మేమంతా సోమ్లమ్మ అని పిలిచే సోమ్లీబాయి పుంగనూరు దగ్గర గుట్టమీది సుగాలి తండాలో పుట్టి, గుట్ట కింది తండాకు కోడలైంది. తొంభైల మొదట్లో మా ఆసుపత్రిలో ఆరోగ్య కార్యకర్తగా చేరింది. నర్సుగా ఆమెతో కలిసి నేను తండాలు తిరిగేదాన్ని. టీకా వేసిన బిడ్డ ఏడుపు అందుకునేలోపే ఈమె పాట అందుకునేది. బిడ్డ సూది సంగతి మరిచి ఆమె నోటికేసి చూసేది.

"కడుపులో మాట పాటగానన్నా బయటికి రావల్ల సిస్టరమ్మా, లేకుంటే జొరమై వస్తాది" అనేది.

అది ఆమె స్వానుభవం. బావి నీళ్ళ దగ్గర రెండు తండాలూ కొట్టుకుని, పోలీసు స్టేషను దాకా వెళ్ళి, రాకపోకలు మానేశాయి. పైతండా పెద్ద రూప్లానాయక్ ఆమె తోడబుట్టిన అన్న. మెట్టినింటి పక్షం నిలిచిందని చెల్లెల్ని గడప తొక్కనివ్వలేదు. తల్లి మంచం పట్టినా చూడనివ్వలేదు. పైతండా ఆడవాళ్ళు ఆమె చేతి మందు కూడా ముట్టలేదు.

ఇంతలో పైతండా పిల్లవాడూ కిందితండా పిల్లా కుప్పంలో గ్రానైటు పనుల దగ్గర పరిచయమై, చేసుకుంటే ఒకరినొకరమే చేసుకుంటామని పట్టుబట్టారు. పెద్దల నోళ్ళు ఒప్పుకున్నాయి గానీ మనసులు ఒప్పుకోలేదు. పెండ్లినాడు నేనక్కడే ఉన్నాను. నగారా మోగలేదు. వియ్యాలవారు ఎడమొహం పెడమొహంగా కూర్చున్నారు.

సోమ్లమ్మ లేచింది. వచ్చిన ఊరివాళ్ళకూ అర్థం కావాలని తెలుగులోనే అంది:

"పెండ్లిలో తిట్టుకునే పాటలు మన తాతలనాటివి గదా! యాల మూగోళ్ళ మాదిరి కూసోనుండారు? తిట్టల్లనుకుంటే తిట్టండి. రాగం మాత్రం తప్పగూడదు!"

నేరుగా అన్న వైపు తిరిగి తమ భాషలో ఎత్తుకుంది: నీ మీసం మేక మేసి వదిలిన పొదలా ఉందని. అందరూ నివ్వెరపోయారు. వదిన ఊరుకుంటుందా? ఆడబిడ్డ పాట వినడం కంటే ఆమె సంచిలోని సూదే నయమని అదే వరసలో తిప్పికొట్టింది. ఇక బావీ, విరిగిన గిలకా, స్టేషను మెట్లూ, ఏళ్ళ తరబడి పళ్ళబిగువున దాచుకున్నవన్నీ పాటల్లోకి దూకాయి. కొందరు పాడుతూనే ఏడ్చారు. ఉన్నట్టుండి రూప్లానాయక్ మీసం తడుముకుని పకపకా నవ్వాడు.

"సాలు సోమ్లీ, నా మీసం నాకు వదులు. ఇంటికి రా. అమ్మ నిన్నే అడుగుతాండాది" అన్నాడు, అందరికీ వినబడేలా తెలుగులోనే.

నగారా తనే అందుకున్నాడు. పొద్దుగూకేదాకా రెండు తండాలూ కలిసి ఆడాయి. నన్నూ వదల్లేదు.

ఆ తర్వాత బావికి వంతులు ఏర్పడ్డాయి. రెండు తండాల ఆడవాళ్ళతో ఆమె పాటల జట్టు కట్టింది. కుప్పం దాకా ఏ తండాలో తగవు వచ్చినా పెద్దమనుషులతో పాటు వీళ్ళకూ కబురు వచ్చేది. కాన్పు తర్వాత దిగులుతో మాట మానేసిన తల్లుల దగ్గర గంటలకొద్దీ కూర్చుని పాడేది. "మందు మీరియ్యండి సార్, పాట నేనిస్తా" అనేది మా డాక్టరుతో.

ఆమె పాడెను రెండు తండాలవాళ్ళూ మోశారు. జట్టంతా చేరింది గానీ, మొదటి చరణం ఎత్తేదెవరో తెలియక చాలాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ పుణ్యమూర్తి లేని లోటు ఎంతటిదో నాకు అప్పుడు అవగతమైంది. అది ఎన్నటికీ పూడదు.

నిన్న వార్డులో ఒక సుగాలి బాలింత ఎవరితోనూ పలకకుండా గోడవైపు తిరిగి పడుకుని ఉంది. చర్చి కీర్తనలు తప్ప మరేవీ రాని నేను, పక్కన కూర్చుని సోమ్లమ్మ పాటొకటి ఎత్తుకున్నాను. ఆ పిల్ల మెల్లగా ఇటు తిరిగింది.

"అట్ల గాదు సిస్టరమ్మా" అని నవ్వి, తానే సరిగా పాడి వినిపించింది.