కోరుకొండ మెట్ల మొక్కు

మా తమ్ముడి పెళ్ళికి ముహూర్తం కుదిరిన వారంలోనే ఇంట్లో పేచీ మొదలైంది. పేచీ పెళ్ళివారితో కాదు, కోరుకొండ నరసింహస్వామితో.

తమ్ముడు పసివాడుగా ఉండగా సన్నిపాత జ్వరం వచ్చి, వైద్యుడు కూడా పెదవి విరిచేశాడు. అప్పుడు అమ్మ, పిల్లవాడు బతికితే కొండ కింద నుంచి గుడి దాకా ప్రతి మెట్టుకీ తన చేత్తో పసుపు రాసి బొట్టు పెడతానని మొక్కుకుంది. జ్వరం దిగింది. మొక్కు తీరే లోగా మా నాన్న పోయారు. ఆ తర్వాత అమ్మను పసుపూ కుంకుమా ఎవరు ముట్టుకోనిస్తారు? మొక్కు అలాగే ఉండిపోయింది.

రాజమహేంద్రవరం బజారులో మాది పసుపు, మిరప, చింతపండు అమ్మే కొట్టు. పసుపు కొమ్ముల బస్తాలు మా నడవలోనే ఉండేవి. ఎండబెట్టేది అమ్మ, దంచేది అమ్మ, పులుసులో వేసేది అమ్మ. పులుసులో వేస్తే లేని దోషం రాతి మీద రాస్తే ఎక్కడి నుంచి వస్తుందని ఓసారి మా మేనత్తను అడిగాను. అత్తవారింట్లో కూడా ఇలాగే మాట్లాడుతున్నావా అంది. అక్కడ ఇంకా ఎక్కువే మాట్లాడుతున్నానన్నాను.

మా నాన్నకు అక్కగారు ఈ అత్త. నాన్న పోయాక మంచిచెడ్డలన్నీ తన నెత్తినే వేసుకుంది. మొక్కు తీరందే పెళ్ళి పందిరి వెయ్యడానికి వీల్లేదని పట్టుబట్టింది ఆవిడే. అమ్మ బదులు నేను పసుపు రాస్తే సరిపోతుందని ఉపాయం చెప్పిందీ ఆవిడే. పెళ్ళిలో ఎలాగూ అమ్మకు పీట మీద చోటు లేదు, తలంబ్రాలు కలపడానికి లేదు, కోడలికి బొట్టు పెట్టడానికి లేదు. కొడుకు బతకాలని అనుకున్న ఆ ఒక్కమాటైనా తన చేత్తో తీర్చుకోవాలని అమ్మ పంతం. రెండు రోజులు మొక్కుకు కావలసిన పసుపు దంచుతూ గడిపింది. మూడోనాడు, వస్తాను గాని ఎండ నడినెత్తికి వచ్చాక ఎక్కుదామంది. ఎదురుపడ్డవాళ్ళు తనను చూసి తిట్టుకోకుండా ఉండాలంటే ఎవరూ ఎక్కని వేళే నయమట. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

ఫాల్గుణంలో కొండ కింద జరిగే తీర్థం ఇంకా మొదలు కాకముందే బండి కట్టించుకుని వెళ్ళాం. అత్త పొద్దున్నే చల్లగా ఉండగా కొండెక్కి దర్శనం చేసుకుని దిగి వచ్చి, సత్రం అరుగు మీద విసనకర్రతో కూర్చుంది. మేం ముగ్గురం బయలుదేరేసరికి మెట్ల మీద మనిషన్నవాడు లేడు. రాయి పెనంలా కాలుతోంది. తమ్ముడు కావడితో నీళ్ళు మోసుకొచ్చి ఒక్కొక్క మెట్టే కడుగుతున్నాడు. తడి ఆరేలోగా నేను పసుపు రాసి కుంకుమ పెట్టాలి.

మొదటి మెట్టు దగ్గర నేను వంగగానే అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"చెయ్యి నీదే కానియ్యమ్మా. రాసేది మాత్రం నేను," అంది.

అలాగే ఎక్కాం. ఆ కొండ నిట్టనిలువుగా ఉంటుంది. కూర్చుని లేవడం, లేచి కూర్చోవడం. కొంతదూరం పోయేసరికి నా అరికాళ్ళు బొబ్బలెక్కాయి. తమ్ముడు నీళ్ళకోసం దిగి, మళ్ళీ ఎక్కి, రొప్పుతూ, ఇక చాలమ్మా, మిగతావాటికి ఇక్కణ్ణుంచే దణ్ణం పెట్టెయ్యి అన్నాడు. అమ్మ నా మణికట్టును ముందుకు తోసింది. చెమటకు ఆవిడ పట్టు జారుతూ వచ్చింది. మణికట్టు మీది వేళ్ళు నా అరచేతి వెనక్కి వచ్చాయి, అక్కణ్ణుంచి నా వేళ్ళ మీదికి వచ్చాయి. సగం కొండకు మా ఇద్దరి చేతులూ ఒకే పసుపు ముద్దలో ఉన్నాయి.

అప్పుడు నేను నా చెయ్యి లాగేసుకున్నాను. ఆలోచించి చేసిన పని కాదు. ఇంత మండే రాతి మీద ఇంత దూరం వచ్చిన మనిషికి నా చెయ్యి అడ్డం ఎందుకనిపించింది, అంతే. అమ్మ ఒక్క క్షణం ఆగి నా మొహం చూసింది. తర్వాత గిన్నె తన ముందుకు జరుపుకుంది. అక్కణ్ణుంచి గుడి దాకా ప్రతి మెట్టూ అమ్మే రాసింది, ప్రతి బొట్టూ అమ్మే పెట్టింది. తమ్ముడు చూశాడు. కావడి ఎత్తుకుని వెళ్ళి నీళ్ళు తెచ్చాడు.

పైకి చేరేసరికి గుడికి తాళం వేసి ఉంది. మేం ఎక్కడం మొదలుపెట్టక ముందే పూజారి నైవేద్యం కానిచ్చి దిగిపోయి ఉంటాడు. ఆ స్వామి చాలా చిన్నవాడు, దీపం వెలుగులో వంగి చూస్తేగాని కనబడడు. తలుపు కమ్మీల్లోంచి మాకు చీకటి తప్ప ఏమీ కనబడలేదు. నా ప్రాణం ఉసూరుమంది. అమ్మ మాత్రం ఆ చీకటికే దణ్ణం పెట్టింది.

"తీర్చడానికి వచ్చాను. చూడ్డానికి ఇంకోసారి వస్తాలే," అంది.

దిగేటప్పుడు మెట్ల పక్కనే రాళ్ళ మీద నడిచాం, పసుపు తొక్కకుండా. సత్రం దగ్గరికి రాగానే అమ్మ అరుగు మీద కూలబడి, తాగడానికి నీళ్ళు పొయ్యమని రెండు చేతులూ దోసిలి పట్టింది. పసుపూ కుంకుమా కలిసి అరచేతులు రెండూ ఎర్రగా ఉన్నాయి. చెంబు పట్టుకున్న అత్త ఆ చేతులు చూసి ఆగిపోయింది.

"ఏంటమ్మాయ్ ఇది?" అంది.

నేను నోరు తెరవబోయాను. అమ్మ కళ్ళతోనే వారించింది.

"మొక్కేనండి వదినగారూ. తీరిపోయింది."

అత్త కొండ వైపు చూసింది. ఆ ఎండలో కింది మెట్లు పచ్చగా కనబడుతున్నాయి. ఇక తిట్లు మొదలవుతాయని నేను మాటకు మాట సిద్ధం చేసుకుంటున్నాను. అత్త చెంబుతో అమ్మకు ఇంకాస్త దగ్గరగా జరిగింది.

"చేతులు తియ్యి, తడిస్తే ఆ పసుపు పోతుంది. నోరు తెరువు, నేను పోస్తాను," అంది.

అమ్మ తలెత్తి నోరు తెరిచింది. చెంబు ఖాళీ అయ్యేదాకా అత్త ఒక్క చుక్క కూడా ఆ చేతుల మీద పడకుండా పోసింది.