ప్లస్ గుర్తుల వరస

దుర్గాదేవిది రోలుగుంట దగ్గర చెరుకు రైతుల ఇల్లు. ఉద్యోగం చోడవరంలో, చెరుకు కోసే మిషన్‌ను అద్దెకు తిప్పే చిన్న కంపెనీలో. ఏ తోటకు మిషన్ ముందు వెళ్ళాలో తేల్చే యాప్‌ను చూసుకునేది ఆమే.

ఆ వంతుల లెక్కంతా ఒకే లైనులో ఉండేది. తోట వయసు, దానికి నీటి ఎద్దడి, దానికి తెగులు, ఇలా కలుపుకుంటూ స్క్రీను దాటి ఎక్కడికో పోయేది. చివరికి వచ్చేసరికి మొదలు గుర్తుండదు. దాన్ని మనుషులు చదివేలా విడగొట్టమన్నాడు పై అధికారి గౌరీశంకర్. దుర్గాదేవికి పొందిక పిచ్చి. బీరువాలో చీరలు కూడా అంచులు కలిపి పెడుతుంది. ఒక్కోదాన్నీ ఒక్కో లైనులోకి దించి, బడిలో కూడికలు వేసినప్పటి అలవాటు కొద్దీ ప్లస్‌ను ఎడమవైపు, లైను మొదట్లో పెట్టింది. గుర్తులన్నీ వరసగా నిలబడ్డాయి. గౌరీశంకర్ ముచ్చటపడి సరేననేశాడు.

ఆ కంప్యూటర్ భాషకో పాడు గుణం ఉంది. లైను చివర ప్లస్ ఉంటేనే మిగతాది కింద ఉందని ఆగుతుంది. లేకపోతే లెక్క అక్కడికి అయిపోయిందనుకుంటుంది. కింది లైన్లు చదువుతుంది గానీ కలపదు, తప్పని ఆపదు కూడా. దాంతో తోట వయసొక్కటే లెక్కకొచ్చింది. నీళ్ళు లేక ఎండుతున్న తోటలు వెనక్కి పోయాయి. మిషన్ కాస్తా పచ్చగా ఉన్న ముదురు తోటలకని బుచ్చయ్యపేట వైపు వెళ్ళిపోయింది.

ఎండిపోతున్న తమ తోట వంతు అందరికన్నా ఆఖరున పడిందని తండ్రి సత్యారావు ఫోన్ చేశాక గానీ ఆమె ఆ ఫైలు తెరవలేదు. చూడగానే తప్పెక్కడో తెలిసిపోయింది. ప్లస్‌లను లైన్ల చివరికి మార్చడం ఎంతసేపు! కానీ వంతులు రైతుల ఫోన్లకు వెళ్ళిపోయాయి, లారీలు కుదిరిపోయాయి. ఈ విడత అయ్యేదాకా మార్చలేమన్నాడు గౌరీశంకర్. ఆమె బతిమాలింది, ఏడ్చింది. తనూ చూసి సరేనన్నవాడే కనక అతను ఆమెను తిట్టలేకపోయాడు, సాయమూ చేయలేకపోయాడు.

సాయంత్రం తండ్రికి ఫోన్ చేసి, తను చేసిన తప్పును ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"ఊళ్ళో అందరూ గొడవకొస్తే, ఈ వంతులు నా కూతురే, మా గుంటే రాసిందిరా, పక్షపాతం ఉండదు, ఓర్సుకోండని నానే సర్దిసెప్పేను," అన్నాడాయన. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

తప్పు దిద్దేశానని ఆమె గబగబా చెప్పింది.

"దిద్దేసేవు కదమ్మా," అన్నాడు సత్యారావు ఆశగా. "మరి రేపొస్తాదా మిషను?"